ఇద్దరు ఐవర్లు, ఒక ఉత్తరం

దగ్గరికి జరగండి. ఆ మూల కూర్చున్నవాళ్ళు కుర్చీ ఇటు లాక్కోండి, పొయ్యి పక్కన చోటుంది. నా గొంతు ఇదివరకటిలా గది దాటి వినపడదు. చదువు వచ్చినవాళ్ళు ఈ కాగితాన్ని పైకి చదవండి, రానివాళ్ళు వినండి. రాకపోతే సిగ్గేమీ లేదు. నేను బడికి వెళ్ళింది రెండే రెండు చలికాలాలు. చదువు రాకపోవడంవల్లే ఈ కథలో ఎంత గొడవ వచ్చిందో ఇప్పుడు చెప్పబోతున్నాను.

పోయిన వారం ఎక్కడ ఆపానో మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు మాటలు. మా ఊరు విల్లో బెంచ్‌లో దాదాపు అందరం డెన్మార్క్ నుంచి ఓడెక్కి, ఆ తర్వాత బండ్ల వెంట నడిచి వచ్చినవాళ్ళమే. మా దేశంలో తండ్రి పేరుకి 'సన్' తగిలిస్తే అదే కొడుకు ఇంటిపేరు. అందుకని ఊళ్ళో నీల్స్ నీల్సన్‌లు నలుగురు, ఐవర్ ఐవర్సన్‌లు ఇద్దరు. పిలవడానికి తలా ఒక పేరు తగిలించుకున్నాం: కుంటి నీల్స్, రెండు టోపీల నీల్స్, అలా. మా ఆయన కాలువ ఐవర్. కొండ వాగు నుంచి పొలాలకు నీళ్ళు ఏ దారిన వస్తాయో, ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి, నేల మీద పెట్టి చూసుకుంటూ, మైళ్ళ కొద్దీ గీత గీసింది ఆయనే. రెండో ఆయన కొలిమి ఐవర్. ఆయన ఏం చేసేవాడో చెప్పక్కర్లేదు కదా.

ఏప్రిల్ మొదటి ఆదివారం సభలో బిషప్ ఫ్రాన్సెన్ గారు సాల్ట్ లేక్ పట్నంలోని మా మత సంఘం పెద్దల నుంచి వచ్చిన ఉత్తరం విప్పారు. దక్షిణాన ఎర్ర ఇసుక నేలల్లో కొత్త ఊరు కడుతున్నారు, పత్తి పండించాలి, మీ ఊరి నుంచి ఫలానావాళ్ళు రావాలి అని పిలుపు. ఇంగ్లీషు ఉత్తరం. బిషప్ గారు మనసు మంచిదే గాని, ఇంగ్లీషు ఆయన నోట్లో గట్టి రొట్టెలా అడ్డం పడేది. కూడబలుక్కుని చదివారు. "ఐవర్ ఐవర్సన్. స్మిత్. కుటుంబంతో సహా." చదివి తలెత్తి, "మన ఊళ్ళో స్మిత్ ఎవరూ లేరే!" అన్నారు. అందరూ నవ్వారు. మా సంఘాన్ని మొదలుపెట్టిన ఇంటివాళ్ళ పేరు అది. ప్రతి ఊళ్ళోనూ ఒక స్మిత్ ఉంటాడని పట్నంలో రాసేవాళ్ళు అనుకుంటున్నారు కాబోలు అన్నాడు రెండు టోపీల నీల్స్. నవ్వులు ఆగాక బిషప్ గారు, "మరి ఐవర్ ఐవర్సన్‌లు ఇద్దరున్నారు. ఎవరో ఇందులో లేదు" అన్నారు. మా ఆయన లేచాడు. "నేనే అయి ఉంటాను బిషప్ గారూ. కొత్త ఊరికి ముందు కావలసింది కాలువే కదా" అన్నాడు.

ఒప్పుకున్నవాళ్ళు కుడి చెయ్యెత్తండి అన్నారు. అందరూ ఎత్తారు. నా చెయ్యీ లేచింది. ఒప్పుకోనివాళ్ళు ఎవరైనా ఉంటే అదే గుర్తు చూపండి అన్నారు. ఈ రెండో ప్రశ్న ప్రతి సభలోనూ అడుగుతారు. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా ఒక్క చెయ్యీ లేవలేదు. బిషప్ గారు ఆ ప్రశ్న అడిగేటప్పుడు తల కూడా ఎత్తేవారు కాదు, పాటల పుస్తకంలో తర్వాతి పాట వెతుక్కుంటూ అడిగేవారు.

అదీ పోయిన వారం కథ. ఇక వినండి.

పిలుపు వచ్చిన పదో రోజున మంత్రసాని ట్యాగ్ అక్క మా ఇంటికి వచ్చింది. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ఇంగ్లీషావిడ ఆమె. ఉత్తరం చదివిన ఆదివారం పక్క లోయలో కాన్పుకి వెళ్ళి, అక్కడ ఇంకో ఇద్దరు నొప్పులు పడుతుంటే ఆగిపోయి, అప్పుడే తిరిగొచ్చింది. నాకప్పుడు ఏడో నెల. ట్యాగ్ అక్క మా డేనిష్ మాట్లాడేది గాని, మగ ఆడ తేడాలు ఆమెకి ఎన్నేళ్ళయినా అంతుపట్టలేదు.

"పిల్లా, నీ మొగుడు ఎక్కడ ఉంది?"

"కాలువ పూడిక తీస్తున్నాడక్కా."

"వెళ్ళిపోయే మనిషి పూడిక ఎందుకు తీస్తుంది?"

"తను లేకపోయినా నీళ్ళు రావాలి కదా అంటాడు."

"పిచ్చి ఉంది నీ మొగుడుకి." నన్ను మంచం మీద పడుకోబెట్టి పొట్ట అంతా తడిమి చూసింది. ఆమె చేతులు ఎప్పుడూ చల్లగానే ఉండేవి. "లోపలివాడు బాగుంది. తల మాత్రం ఇంకా తిరగలేదు. ఈ పొట్టతో నాలుగు వారాలు బండి మీద కుదుపులా? ఎవరు పంపింది నిన్ను?"

"సంఘం పంపిందక్కా," అన్నాను. ఆ ఒక్క మాటలో ఆమె వ్యాకరణం, నాది కలిశాయి.

ఆమె నవ్వలేదు. లేచి నిలబడి గది అంతా చూసింది. చెక్క పలకలు పరిచిన నేలను చూసింది. ఆరేళ్ళు మట్టి నేల మీద బతికి, పోయిన చలికాలమే చెక్క నేల వేసుకున్నాం. వారానికి రెండుసార్లు ఇసుకతో తోమేదాన్ని, కాళ్ళు తుడుచుకోకుండా లోపలికొస్తే బిషప్ గారినైనా సరే గుమ్మంలో ఆపేసేదాన్ని. కిటికీలోంచి మూడు ఆపిల్ చెట్లు కనబడేవి. గింజ నాటి, నీళ్ళు మోసి, గొడ్ల నోటికి అందకుండా కంప కట్టి పెంచినవి. ఆ శరదృతువులో మొదటి కాపు రావాలి. వాటన్నిటినీ చూసి ట్యాగ్ అక్క, "ఆ ఉత్తరం ఎక్కడ ఉన్నాడు? చూపించు," అంది.

కొత్త ఊరి పెద్దకి చూపించమని బిషప్ గారు దాన్ని మాకే ఇచ్చారు. బైబిలు పెట్టెలోంచి తీసిచ్చాను. ఆమె కళ్ళజోడు తీసి పెట్టుకుంది. ఒక అద్దం పగిలి ఉండేది, అందుకని ఎడమ కన్ను మూసి చదివేది. చదివి, మళ్ళీ చదివి, నా వైపు తిరిగింది.

"నీ మొగుడు కమ్మరి ఎప్పుడు అయింది?"

"కమ్మరేంటక్కా?"

"ఇక్కడ ఉంది కదా. ఐవర్ ఐవర్సన్, కమ్మరి, కుటుంబంతో సహా. స్మిత్ అంటే కమ్మరి, పిల్లా! ఇంటిపేరు కాదు, పని!"

చూడండి మరి. మా భాషలో కమ్మరిని 'స్మెద్' అంటాం. స్మెద్, స్మిత్. ఒకే ఇంట్లో పుట్టిన అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి ఆ రెండు మాటలూ. నూటయాభై మంది కూర్చున్న సభలో ఒక్కరికీ తట్టలేదనే అనుకున్నాను అప్పుడు. ఆ పేరంటే మాకు ఎంత భక్తి అంటే, చెవిన పడగానే తల వంచడమే గాని, లోపల ఏముందో చూడాలని ఎవరికీ అనిపించలేదు.

ట్యాగ్ అక్క వెళ్ళిపోయాక నేను నేల మీద కూర్చుని నవ్వాను. నిజంగా నవ్వాను. ఈ నేల నాదే. ఈ చెట్లు నావే. ఈ బిడ్డ ఈ మంచం మీదే పుడుతుంది. తర్వాత ఉత్తరం రవికెలో దోపుకుని, ఏడో నెల పొట్టని రెండు చేతులా పట్టుకుని కాలువ దగ్గరికి నడిచాను.

మా ఆయన మోకాళ్ళ లోతు బురదలో ఉన్నాడు. తూము పలక ఎత్తి దాని కింద చేరిన ఒండ్రు తోడుతున్నాడు.

"ఏమయ్యా, పైకి రా. మనం వెళ్ళక్కర్లేదు."

పార ఆపాడు గాని పైకి రాలేదు. ట్యాగ్ అక్క చదివింది చదివినట్టు చెప్పాను. ఆయన మొహంలో వెలుగు వస్తుందని చూశాను. రాలేదు. పార మీద చేతులు పెట్టి, నీళ్ళకేసి చూస్తూ, "కమ్మరి," అన్నాడు. "అదా సంగతి."

"అదా సంగతి అంటావేంటి? బిషప్ గారి దగ్గరికి నడు."

"సిడ్సెల్, నేను పేరు విని లేవలేదు."

"మరి?"

"ఇద్దరిలో ఎవరో తెలియదని బిషప్ గారు అన్నప్పుడు కొలిమి ఐవర్ వైపు చూశాను. మొహంలో నెత్తురు లేదు. బెంచీ అంచు పట్టుకుని తల దించుకుని ఉన్నాడు. ఆ మనిషి లేవలేడు అనిపించింది. ఇంకొంచెం సేపు అలాగే ఉంటే ఊరంతా అతని వంకే చూస్తారు. అందుకని లేచాను. ఎందుకు లేవలేకపోయాడో అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది."

"ఏం తెలిసింది?"

"అతను రైలు కంపెనీలో ఏడాది పనిచేశాడు. ఇంగ్లీషు వచ్చు. స్మిత్ అంటే ఏమిటో ఆ సభలో తెలిసినవాడు అతనొక్కడే."

నాకు ఒళ్ళు మండిపోయింది. కొలిమి ఐవర్ మీద కాదు, ముందు ఈయన మీదే.

"నన్నడిగావా? లేచేముందు పక్కకి తిరిగి నా మొహం చూశావా? నలుగురు పిల్లలు, కడుపులో ఒకటి. ఎవరి మొహంలోనో నెత్తురు లేదని మా అందరినీ బండెక్కించేస్తావా?"

"నువ్వూ చెయ్యెత్తావు."

"నువ్వు లేచి నిలబడ్డాక నేను కూర్చుని ఏం చెయ్యమంటావు! పక్కింటి నీల్స్‌తో కాపురం చెయ్యనా?"

నవ్వు ఆపుకోలేకపోయాడు. నేను నవ్వలేదు. అది చూసి ఆయనా ఆపేశాడు. "తప్పే," అన్నాడు. "నిన్ను చూడకుండా లేవడం తప్పే. కానీ ఇప్పుడు అతన్ని ఊరందరి ముందు దోషిగా నిలబెట్టడం నా వల్ల కాదు. నేను బిషప్ గారి దగ్గరికి వెళ్ళను. నువ్వు వెళ్తానంటే ఆపను."

అంతే. పార తీసుకుని మళ్ళీ తవ్వడం మొదలుపెట్టాడు. మంచివాడితో కాపురం ఎంత కష్టమో, పెళ్ళికాని పిల్లలు అక్కడెవరైనా ఉంటే ఇది రాసిపెట్టుకోండి.

నేను బిషప్ గారి ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా కొలిమికి వెళ్ళాను.

మా బండి చక్రాలు నాలుగూ అక్కడే ఉన్నాయి. నాలుగు వారాల దారికి పాత పట్టాలు ఆగవని, కొత్త ఇనప పట్టాలు వేసిస్తానని అతనే అడిగి తీసుకెళ్ళాడు. మూడు చక్రాలు గోడకి ఆనించి ఉన్నాయి. అంత నునుపైన పని నేనెప్పుడూ చూడలేదు. చక్రంలోని ప్రతి ఆకు పుల్లా బిగించి, ప్రతి అతుకు సానబట్టి, చమురు రాసి, పెళ్ళికూతురికి పంపినట్టు తయారుచేశాడు. ఊళ్ళో అందరూ మెచ్చుకుంటుంటే నేనూ మెచ్చుకున్నాను, పాపం ఎంత మంచివాడో అని. ఇప్పుడు వాటికి వీపు తిప్పి నిలబడ్డాను.

"రా అక్కా," అన్నాడు. మా సంఘంలో అందరం అన్నలం, అక్కలమే. తిట్టాలన్నా ముందు ఆ పిలుపు పిలిచాకే తిట్టాలి.

"అన్నా," అన్నాను. ఉత్తరం తీసి, ఇనుము పెట్టి సుత్తితో కొట్టే దాగలి మీద పరిచాను. "ఇంగ్లీషు చదవగలవట కదా. నాకు చదివి పెట్టు."

అతను ఉత్తరం చూడలేదు. నన్నే చూశాడు. తిత్తి తాడు వదిలేశాడు. కొలిమిలో నిప్పులు మెల్లగా నల్లబడుతున్నాయి.

"ఎవరు చెప్పారు?"

"ట్యాగ్ అక్క. నీకు ఎప్పుడు తెలుసు?"

"బిషప్ గారి నోట్లోంచి ఆ మాట రాగానే."

అబద్ధం ఆడతాడనుకున్నాను. ఆడితే బాగుండేది, తిట్టడానికి పట్టు దొరికేది. నేను తెచ్చుకున్న మాటలన్నీ చేతిలో ఉండిపోయాయి. అయినా ఆపలేదు. నా చెట్ల గురించి చెప్పాను, నేల గురించి చెప్పాను, తల తిరగని బిడ్డ గురించి చెప్పాను. "దారిలో నాకేదైనా అయితే నువ్వు వేసిన ఈ పట్టాల మీదే నన్ను మోసుకెళ్తారు. ఎంత బాగా వేశావన్నా!" అన్నాను. మాట నోటి నుంచి వచ్చాక అంత కఠినంగా అన్నానా అనిపించింది. కానీ అన్నాను. దాచను.

అతను ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. అంత పెద్ద మనిషి, కూర్చుంటే ఒక్కసారిగా ముసలివాడైపోయాడు.

"ఇది మాకు మూడో పిలుపు అక్కా. మొదటిసారి ఉత్తరాన మంచు లోయకి పంపారు. అక్కడ పెద్దోణ్ణి పాతిపెట్టాం. రెండేళ్ళకి ఆ ఊరు నిలవలేదు, అందరూ వదిలేశారు. తర్వాత పడమట కోట దగ్గరికి. అక్కడ చిన్నదాన్ని. ఆ కోట కూడా ఇప్పుడు లేదు. రెండు చోట్లా కుక్క కూడా లేదు వాళ్ళకి తోడు. ఇక్కడికొచ్చి ఏడేళ్ళు. బోడిల్ ట్రంకుపెట్టె ఎప్పుడైనా చూశావా?"

చూశాను. ఊళ్ళో ఆడవాళ్ళందరం చూశాం, వెనక నవ్వుకున్నాం కూడా. అతని భార్య బోడిల్ వచ్చినప్పుడు కట్టిన పెట్టె కట్టినట్టే ఉంచేది. దుప్పట్లు, పింగాణీ, పిల్లల బట్టలు అన్నీ అందులోనే. కావలసింది తీయడం, మళ్ళీ మడిచి అందులోనే పెట్టడం. ఇంటి చుట్టూ ఒక్క మొక్క లేదు. నేల చక్కగా ఉండి కూడా ముల్లంగి విత్తనమైనా వెయ్యలేదు. బద్ధకం అనుకున్నాం.

"పోయిన నెల నీ దగ్గరికి వచ్చింది," అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. మార్చి చివర బోడిల్ మా పెరట్లోకి వచ్చి, ఒక ఆపిల్ అంటు మొక్క ఇస్తావా అని అడిగింది. ఇచ్చాను. ఎలా నాటాలో చెబుతుంటే చిన్నపిల్లలా రెండుసార్లు అడిగించుకుంది.

"ఏడేళ్ళలో మొదటిసారి మట్టిలో చెయ్యి పెట్టింది అక్కా. గొయ్యి తవ్వడానికి నన్ను కూడా రానివ్వలేదు. నాటాక లోపలికొచ్చి, చేతులు కడుక్కోకుండా అలాగే కూర్చుంది. ఆ రాత్రే పెట్టె విప్పి పింగాణీ గూట్లో పేర్చింది. సరిగ్గా వారానికి ఈ ఉత్తరం వచ్చింది." మొహం తుడుచుకున్నాడు, మసి ఇంకాస్త అంటుకుంది. "నేను లేవాలనుకున్నాను. కాళ్ళు రాలేదు. ఈలోగా మీ ఆయన లేచాడు. అప్పుడైనా చెప్పాలి. చెప్పలేదు. రోజూ పొద్దున చెబుదామని బయల్దేరతాను, ఇదిగో ఈ చక్రాల దగ్గర ఆగిపోతాను."

"బోడిల్‌కి తెలుసా?"

"తెలియదు. తెలిస్తే అది ఒక్క క్షణం ఆగదు. దాని సంగతి నీకు తెలియదు. నాకంటే గట్టిది. ఆ గట్టిదనమే నాకు భయం."

కొలిమి వెనకవైపు బాల్చీ దొర్లిన చప్పుడైంది. మేక అనుకున్నాను. వాళ్ళకి ఒక దొంగ మేక ఉండేది, నీళ్ళ తొట్టిలో తల పెట్టేది. ఇద్దరం కాసేపు అటు చూసి ఊరుకున్నాం.

నేను ఉత్తరం మడిచాను. "అన్నా, ఆదివారం మాకు వీడ్కోలు సభ. అప్పటికి నువ్వు లేచి చెప్పు. నువ్వు చెప్పకపోతే..." అని ఆగాను. నేను చెబుతాను అనాలి. బోడిల్ గూట్లో పేర్చిన పింగాణీ కళ్ళముందుకొచ్చింది. "ఆదివారం దాకా చూస్తాను," అని మాత్రం అని వచ్చేశాను.

వెనక నుంచి పిలిచాడు. "అక్కా, నాలుగో చక్రం వెయ్యమంటావా, వద్దా?"

"నీ ఇష్టం," అన్నాను. ఇంటికి చేరేలోపు సుత్తి చప్పుడు వినబడింది. వేస్తున్నాడు.

ఆ నాలుగు రోజులు నేను ఇంట్లో ఏం చేశానని అడిగితే, రెండు పనులు చేశాను. పొద్దున సామాను కట్టేదాన్ని, సాయంత్రం విప్పేదాన్ని. ప్రార్థన చేస్తే ఒక్కోసారి నేనే గెలిచినట్టు ఉండేది, ఒక్కోసారి బోడిల్ గెలిచినట్టు ఉండేది. దేవుడి మనసు నాకు తెలియడం లేదా, నా మనసే తెలియడం లేదా అర్థమయ్యేది కాదు. మా ఆయన ఏమీ అడగలేదు. ఒకసారి మాత్రం ఆపిల్ చెట్ల మొదళ్ళకి నీళ్ళు మళ్ళిస్తూ, "ఎవరు తిన్నా ఆపిల్ ఆపిలే కదా," అన్నాడు. "నోరు మూసుకో," అన్నాను. మూసుకున్నాడు.

ఆదివారం వచ్చింది. సభ ఇల్లు నిండిపోయింది. మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆడవాళ్ళు కుట్టిన బొంత ఒకటి మడిచి బల్ల మీద పెట్టారు, దాని మీద అందరి పేర్లూ దారంతో కుట్టారు. దారిలో తినమని నీల్స్‌లు నలుగురూ నాలుగు జున్నుగడ్డలు తెచ్చారు, ఎవరి జున్ను పెద్దదని గుమ్మంలోనే పోట్లాడుకున్నారు. ఉత్తరం నా రవికెలో ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా చప్పుడయ్యేది, నా ఒక్కదానికే వినబడేలా.

కొలిమి ఐవర్ నాలుగో వరసలో ఒక్కడే కూర్చున్నాడు. పక్కన బోడిల్ లేదు. పాట అయింది, ప్రార్థన అయింది. లేస్తాడని చూశాను. బెంచీ అంచు పట్టుకుని ఉన్నాడు. ఒకసారి మోకాళ్ళు కదిలాయి. మళ్ళీ ఆగిపోయాయి.

బిషప్ గారు నిలబడ్డారు. "కాలువ ఐవర్ అన్న వెళ్ళిపోతున్నాడు కాబట్టి నీటి వంతులు చూసే పని ఇకనుంచి కుంటి నీల్స్ అన్నకి అప్పగిద్దామని పెద్దలు అనుకున్నారు. ఒప్పుకున్నవాళ్ళు కుడి చెయ్యెత్తండి."

చేతులు లేచాయి. మా ఆయన చెయ్యి అందరికంటే ముందు లేచింది. ఏడేళ్ళు కన్నబిడ్డలా చూసుకున్న కాలువని ఇంకొకరికి ఇచ్చేయడానికి ఆయనే ముందు చెయ్యెత్తాడు. ఆ చేతి వెనక, గోళ్ళలో, నిన్నటి ఒండ్రు ఇంకా ఉంది. అది చూశాక నాలో ఏదో తెగిపోయింది. నా చెయ్యి ఒళ్ళోనే ఉంచాను.

"ఒప్పుకోనివాళ్ళు ఎవరైనా ఉంటే అదే గుర్తు చూపండి," అంటూ బిషప్ గారు పాటల పుస్తకంలోకి తల వంచారు.

ఇప్పుడే. ఇప్పుడు కాకపోతే ఇక లేదు. నా కుడి చెయ్యి మోకాలి మీద నుంచి లేచింది, జానెడు ఎత్తు. అంతకుమించి ఎత్తానని ఎవరైనా చెబితే నమ్మకండి. జానెడే.

అప్పుడు వెనక బెంచీల్లో ఒక గుసగుస పుట్టింది. అది వరస తర్వాత వరస ముందుకు పాకుతూ వచ్చింది. బిషప్ గారు తలెత్తారు. ఆయన చూస్తున్నది నన్ను కాదు. నా తల మీదుగా, తలుపు వైపు. పాటల పుస్తకం చేతిలోంచి జారి పడింది, ఎవరూ తీయలేదు.

వెనక్కి తిరిగాను.

గుమ్మంలో బోడిల్ నిలబడి ఉంది. ప్రయాణానికి వేసుకునే పెద్ద శాలువా కప్పుకుంది. కుడి చెయ్యి తిన్నగా పైకి ఎత్తింది. ఆ చేతికి మోచేతి దాకా తడి మట్టి. ఎడమ చేత్తో, చంటిబిడ్డని పట్టుకున్నట్టు, తడిగోనె చుట్టిన ఒక మూట గుండెలకి హత్తుకుంది. గోనె పైనుంచి రెండు చిన్న ఆకులు కనబడుతున్నాయి. అవి ఏ చెట్టువో నాకు తెలుసు. వేళ్ళతో సహా తవ్వుకొచ్చింది.

ఆ రోజు కొలిమి వెనక బాల్చీ దొర్లించింది మేక కాదని అప్పుడు అర్థమైంది.

"బోడిల్!" అన్నాడు కొలిమి ఐవర్. ఆ రోజు అతని కాళ్ళు మొదటిసారి అతని మాట విన్నాయి. లేచి నిలబడ్డాడు.

బోడిల్ అతని వైపు చూడలేదు. నా వైపే చూసింది.

"చెయ్యి దించమ్మా, చెప్పాలనుకున్నది చెప్పు," అన్నారు బిషప్ గారు, గొంతు సవరించుకుని.

"చెప్పాకే దించుతాను బిషప్ గారూ," అంది బోడిల్. "అంతవరకూ ఎవరూ లేవకండి. సిడ్సెల్ అక్కా, నువ్వు కూడా."

ఆమె ఏం చెప్పిందో, ఆ మాటకి ఊరు ఎలా రెండుగా చీలిందో చెప్పడానికి నాకు ఊపిరి కావాలి, ఇవాళ్టికి అది అయిపోయింది. మిగతాది వచ్చే వారం. ఈలోగా మీరొక పని చెయ్యండి. మా సంఘం పుస్తకాల్లో ఆ ఆదివారం గురించి 'సభ జరిగింది' అని ఒక్క ముక్క రాసి ఉంది, అంతే. చెయ్యి గురించి లేదు. ఏడేళ్ళలో రెండో ప్రశ్నకి లేచిన మొదటి చెయ్యి బోడిల్ ఐవర్సన్‌దని, దానికి మోచేతి దాకా మట్టి ఉందని మీరు గుర్తుపెట్టుకోండి. మీ పిల్లలకి చెప్పండి. వాళ్ళు 'దానికి ముందు ఏం జరిగింది' అని అడిగితే, పక్కన జానెడు లేచి ఆగిపోయిన ఇంకో చెయ్యి గురించి కూడా చెప్పండి. అది నాది. దాచకండి.